ఇప్పచెట్టు కింద పడ్డ బంతి

మా సిరోంచ ఇంకా మధ్యప్రదేశ్‌లో ఉన్న రోజులవి. ఊరి బయట, ప్రాణహిత ఒడ్డున, తెల్లదొరలు వదిలిపోయిన గోల్ఫ్ మైదానం ఒకటుండేది. మైదానమని పేరే గానీ గడ్డి ఎక్కడిది? మొత్తం ఆరు గుంతలు. ఒక్కో గుంత చుట్టూ ఏటి ఇసుక పరిచి, గాలికి లేవకుండా జీపులోంచి తీసిన నల్లనూనె పోసి అణిచేవారు. మిగతాదంతా రాళ్లు, తుప్పలు, పశువులు.

మాది గుడ్డల దుకాణం. బదిలీ మీద వెళ్తూ ఒక కచేరీ అధికారి తన ఇనుపకర్ర, ఒక బంతి నాకిచ్చి పోయాడు. అంతే, పిచ్చి పట్టింది. రోజూ దుకాణం తెరవకముందు ఒక గంట అక్కడే ఉండేవాణ్ణి. "గజంకర్ర వట్టేటోనికి గా కర్రెందుకురా?" అని మా నాయన దెప్పేవాడు. ఎవరేమన్నా నేను మానలేదు.

ఆ మైదానం మీద పెత్తనం అడవిశాఖ సాబుది. కొత్తగా నాగపూర్ నుంచి వచ్చినాయన. గుడ్డలు అమ్మేవాడు నేల చెడగొడుతున్నాడని ఒకరోజు నన్ను ఆపాడు. నేను వాదిస్తే షరతు పెట్టాడు. "చాలీస్ కే అందర్. నహీ తో బంద్." వచ్చే ఆదివారం ఆయన కళ్లముందు ఆరు గుంతలూ నలభై దెబ్బలు దాటకుండా ముగించాలి. లేదంటే మళ్లీ అక్కడ అడుగు పెట్టకూడదు. నాకు ఒళ్లు మండింది. నలభై కాదు, ముప్పైలో కొడతానని మనసులో అనుకున్నాను.

ఆదివారం తెల్లవారగానే మొదలుపెట్టాం. ఆరో గుంతకు వచ్చేసరికి ముప్పైఏడు దెబ్బలయ్యాయి. ఆ ముప్పైఏడో దెబ్బకే బంతి పక్కకు పోయి ఇప్పచెట్టు కింద పడింది. అది పూలు రాలే కాలం. చెట్టు కింద ఒక గోండు అవ్వ గంప పెట్టుకుని పూలు ఏరుతోంది.

"అవ్వా, జర జరుగు. నా బంతి గాడ వడ్డది."

"ఆగు బిడ్డా! పూల మీద కాలు వెట్టకు. ఏరినంక రా."

మా వైపు ఇప్పచెట్లు ఇంటికిన్ని అని పంచుకుని ఉంటారు. కింద ఆకులు ఊడ్చి, కాల్చి, నేల నున్నగా చేసుకుంటారు. పూల కాలంలో ఒకరి చెట్టు కింద ఇంకొకరు కాలు పెట్టరు. ఆ పూలు ఎండబెట్టుకుంటేనే వానకాలం తిండి. తొందరగా అవుతుందని నేనూ రెండు పూలు ఏరబోతే అవ్వ నా చెయ్యి మీద ఒక్కటిచ్చింది.

సాబు గడియారం చూసుకున్నాడు. తొక్కుకుంటూ పోయి కొట్టమన్నాడు. కొట్టనన్నాను. "తో ఖతమ్" అని జీపెక్కి వెళ్లిపోయాడు.

నేను కదల్లేదు. ఎండెక్కేదాకా అక్కడే గొంతుక్కూర్చున్నాను. అవ్వ చివరి పువ్వు దాకా ఏరింది, నా బంతిని మాత్రం ముట్టలేదు. "నా చెట్టుకు పూసింది గాదు గదా, నాకెందుకు?" అంది. ఊడ్చిన నేల మీద బంతి తెల్లగా ఉంది. మూడు దెబ్బలు కొట్టాను. మూడోదానికి గుంతలో పడింది. నలభై! చూసింది అవ్వ ఒక్కతే.

సాయంత్రం సాబు బంగళాకు వెళ్లి చెప్పాను. తను చూడలేదు గనక లెక్కలోకి రాదన్నాడు. ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఏడుపొచ్చింది కూడా, దాచుకోవడం దేనికి?

మర్నాడు పొద్దున్నే పోయి అవ్వకు చెప్పాను. అవ్వ నవ్వింది. "గా సాబు మాట నా చెట్టు కింద నడ్వదు. పూలేరినంక నువ్వు గీడనే ఆడుకో. ఎవడొస్తడో సూస్త."

అక్కడే ఆడాను. మైదానం నడిబొడ్డున, సాబు కళ్లెదుటే, ఆ చెట్టు నీడ దాటకుండా రోజూ పొద్దున్నే చిన్న దెబ్బలు కొట్టాను. ఆయన చూసేవాడు, పళ్లు కొరికేవాడు, చెట్టు అవ్వది గనక ఏమీ అనలేకపోయేవాడు. చేతులు బొబ్బలెక్కినా నేను ఒక్క పూట మానలేదు.

మూడో ఆదివారం సాబు ఒక్కడే ఆడుతూ వచ్చాడు. ఆరో గుంతకు కొట్టిన బంతి వంకరపోయి దొర్లుకుంటూ వచ్చి ఆ చెట్టు కిందే ఆగింది. అవ్వ ఇంకా ఏరుతోంది. నేను పక్కన కూర్చుని నా వంతు కోసం చూస్తున్నాను.

"ఆగు సాబూ," అంది అవ్వ తలెత్తకుండా.

ఆయన అవ్వను చూశాడు, గడియారం చూశాడు, నన్ను చూశాడు. ఒక కాలు ముందుకు పెట్టి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. కాసేపటికి టోపీ తీసి నా పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"ఉస్ దిన్ కిత్నే హుయే థే?" అని ఆ రోజు దెబ్బల లెక్క అడిగాడు చివరికి.

"చాలీస్."

ఎవరు చూశారని ఆయన అడగలేదు. వచ్చే ఆదివారం నుంచి వచ్చి ఆడుకోమన్నాడు.

"ఆదివారం దాకా ఎందుకు సాబ్? అవ్వ పూలేరగానే ఇవాళే ఆడుదాం," అన్నాను.