జంగమయ్య దాచమన్న సంచి

సర్కారును కూల్చడానికి మొగుడంపల్లి నుంచి ఒంటరిగా బయల్దేరిన వీరుణ్ణి నేనెరుగుదును. పేరు రేవణసిద్ధప్ప. సర్కారునంటే మరీ సర్కారును కాదులెండి, చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీది వంతెనను. కూల్చడమూ కాదు, కూల్చబోయాడని పోలీసులన్నారు. అబద్ధమాడొద్దని కాన్వెంటులో సిస్టర్లు నా అరచేతులు వాచేలా నేర్పారు కాబట్టి ఇంతవరకు తగ్గించాను. ఇక తగ్గించను.

రేవణసిద్ధప్ప అల్లం రైతు, లింగాయతు. గురువైన జంగమయ్య గడప తొక్కితే శివుడే వచ్చాడనుకునే ఇల్లు వాళ్లది. ఆయన అడిగితే లేదనరు. ఎనభైల మొదట్లో, వంతెనలు పేలుస్తారని ఎక్కడో పుకారు పుట్టి, పట్టుకోవడానికి మనిషి దొరక్క పోలీసులు తిరుగుతున్న ఏడాది, కాషాయం కట్టిన కొత్త జంగమయ్య ఒకడు ఆ ఇంట భోజనానికి కూర్చున్నాడు.

"చెరుకు తూకంల మోసం, కరెంటు లేదు. గీ సర్కారు ఉండాల్నా సిద్ధప్పా?"

"ఉండద్దు సామీ." జంగమయ్య మాటకు అతడు ఎదురు చెప్పడు.

"మరి వంతెన లేపేద్దామా?"

"పాపం సామీ! బస్సులల్ల పిల్లగాండ్లుంటరు."

"సరే, పోనియ్. జర నా సంచి నీ కొట్టంల దాయి. మల్లొచ్చి తీస్కపోత."

ఆయన వెళ్లాక భార్య శరణమ్మ ఎంగిలి విస్తరి ముట్టలేదు.

"ఏమయ్యా, మెడల లింగానికి పూజ చెయ్యకనే గాయన అన్నంల చెయ్యి పెట్టిండు. ఏ జంగమయ్యన్న గట్ల తింటడా? చూసినవా?"

"చూసిన."

"చూసి గమ్మునున్నవా? సంచి విప్పు."

"జంగమయ్యను శంకిస్తే కండ్లు పోతయ్."

"నా కండ్లే పోనియ్, విప్పు!"

అతడు విప్పలేదు.

మర్నాడు తెల్లవారుతూనే జీపు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ ఇల్లు వెతకలేదు. నేరుగా కొట్టంలోకి నడిచి, అల్లం కుప్ప వెనక నుంచి సంచి లాగాడు. లోపల బావుల్లో బండలు పేల్చే తూటాలు. జీపు ముందు సీట్లో ప్యాంటు వేసుకొని జంగమయ్య. నుదుట విభూతి ఇంకా పూర్తిగా పోలేదు.

ఆయన్ని చూడగానే రేవణసిద్ధప్ప చేతులు జోడించాడు.

"సామీ, మీ సంచి భద్రంగనే దాసిన."

ఆ మాటనే నేరం ఒప్పుకోలుగా రాసుకున్నారు. తూటాలు వాళ్లవి, సంచి వాళ్లది, పేల్చాలన్న ఊహ వాళ్లది. పాపమన్న మాట ఒక్కటే అతడిది. అది ఏ కాగితం మీదికీ ఎక్కలేదు. నిజంగా పేల్చాలనుకున్నవాడు ఎక్కడైనా ఉంటే, ఆ ఏడాదంతా హాయిగా తిరిగాడు.

జైలు నుంచి వచ్చాడని విని వెళ్లాను. నేను అతణ్ణి చిన్నప్పటి నుంచి ఎరిగినవాణ్ణి. ఆ ఇంట్లో జొన్నరొట్టె తినకుండా ఎన్నడూ లేవలేదు. ఈసారి కూర్చోమనలేదు. లోపల శరణమ్మ తలుపు గడియ పెట్టుకున్న చప్పుడైంది.

"సిద్ధప్పా, ఆ సంచి సంగతి..." అన్నాను.

అతడు నా భుజానికున్న సంచిని చూశాడు.

"నిన్నెవరు పంపిన్రు?"

"నన్నెవరు పంపుతారయ్యా?"

"ఏ సంచీ లేదు. మా ఇంటికి ఏ జంగమయ్యా రాలే. నేను జేలుకు పోలే. గసుంటిదేం కాలే. పో."