కళ్లు మూసుకునే కొమురయ్య

ఫోను తెర ఎదురుపడితే చాలు, కొమురయ్య కళ్లు మూసుకుంటాడు. అందులో పెళ్లి ఫొటో ఉన్నా, పిడుగులాంటి వార్త ఉన్నా ఒకటే. "కాగితం మీదికి వచ్చినంక చూస్త" అంటాడు. ఒకసారి కోడలు సరోజ చుట్టాలకు వీడియో కాల్ కలిపి ఆయన ముందు పెట్టింది. కళ్లు మూసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆయన్ని చూసి అవతల పార్వతీబాయి ఏడుపు అందుకుంది.

"ఎప్పుడు పోయిండే సరోజా, ఒక్కమాట చెప్పకపోతివి."

"ఇంక పోలే. చాయ్ తాగి పోత," అన్నాడు పోయినాయన.

తెరతో ఆయనది పాత పగ. దాజీ పేట్ నేత కార్ఖానాలో నలభై ఏళ్లు దుప్పటి చద్దర్లకు గళ్ల కాగితం మీద పువ్వుల, నెమళ్ల నక్షాలు వేశాడు. నెమలి మెడకు ఎన్ని గళ్లో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. కార్ఖానాకు కంప్యూటర్ వచ్చింది. దాని ముందు మూడు నెలలు కూర్చునేసరికి కళ్ల నుంచి ధారలు. సేటు ఇంటికి పంపేశాడు. పంపుతూ, మిగిలిన గళ్ల కాగితాల కట్టలు చేతిలో పెట్టాడు, సన్మానం చేసినట్టు.

మనవరాలు ఋతుజది నర్సింగు పరీక్ష. పాఠాలన్నీ ఫోనులో ఒక యాప్‌లోనే, అదీ ఇంగ్లీషులో. ఆ యాప్ కాగితం మీదికి తీయనివ్వదు. పిల్లకు తలనొప్పి, కళ్ల మంట. తెర తగ్గించమన్నాడు డాక్టరు. పరీక్షకు నెల రోజులుంది.

మర్నాడు కొమురయ్య ఫోను గుంజుకున్నాడు, తాళం ఎట్లా తీస్తారో అడిగి మరీ.

"పరీక్ష ఉన్నదే తాతా."

"కండ్లుంటెనే పరీక్ష," అని సంచి పట్టుకుని బస్సెక్కాడు. రోజూ అదే వరస, పొద్దున పోవడం, దీపాలు పెట్టేవేళకు రావడం.

సరోజ బీడీలు చుడుతూనే అంటించింది. "నీ కొలువు తెర మింగింది. పిల్ల కొలువు నువ్వు మింగుతవా మామా?"

రెండోరోజు చార్జరు కూడా మాయమైంది. సెట్టు కలిపి అమ్ముకుంటున్నాడని తేల్చేసింది సరోజ. పళ్లెంలో జొన్న భాకరి రొట్టె వేసేది, కూర మరిచిపోయేది. ఆయన ఉత్త భాకరే నమిలేవాడు.

తొమ్మిదోరోజు సంచి తెచ్చి ఋతుజ ముందు బోర్లించాడు. అరవై గళ్ల కాగితాలు. ఇంగ్లీషు ముక్క రాని మనిషి, పాత కార్ఖానా మూలన కూర్చుని, ఫోను తెర చూస్తూ ఒక్కో అక్షరాన్ని ఒక్కో పువ్వులా గళ్లు లెక్కబెట్టి, పెద్దగా దించాడు. ఏది పాఠమో, ఏది కాదో తెలియదు. అందుకని ఏదీ వదల్లేదు. ప్రతి కాగితం నెత్తిన టైము, పక్కన బ్యాటరీ బొమ్మ, అది తగ్గినంత తగ్గించి.

"ఇవి చదువుతుండు. తక్కినయ్ వేసిస్త."

"కండ్లేంది మామా, గంత ఎర్రగున్నయ్?"

"నీ బీడీ ఆకు దుమ్ము."

సరోజ ఆ పూట కూర రెండుసార్లు వేసింది.

కాగితాలు తిరగేస్తున్న ఋతుజ ఒకదాన్ని గబుక్కున అడుగుకు తోసింది. సరోజ లాగి చూసింది. స్నేహితురాలు శీతల్, తుషార్ అనే పిల్లగాడి ముచ్చట పంపిన మెసేజ్ అది. తెర మీద పాఠానికి అడ్డంగా వచ్చినప్పుడు తాత దాన్నీ దించేశాడు. సరోజకూ ఇంగ్లీషు రాదు గానీ, చివరనున్న మూడు ఎర్రటి గుండెలు చదవడానికి చదువు అక్కర్లేదు.

"ఇదేందే?"

"గుండె పాఠం, అమ్మా."

"మనిషికి మూడుంటయా? మామా, జర నువ్వు చూడు."

కొమురయ్య కాగితం వైపు చూశాడు, మనవరాలి మొహం వైపు చూశాడు. చూసి, కళ్లు మూసుకున్నాడు.

కాగితం ముందు ఆయన కళ్లు మూసుకోవడం అదే మొదటిసారి.