ధర్మవరం పోటీకి దారిలో పెనుకొండ ఉగ్గాని

పోయినేడు మా అక్క కూతురు శ్రావణి చేసిన రోబో అందరి ముందూ పట్టుగూటిని నలిపేసింది. పది గూళ్లను నలగకుండా ఎత్తి బుట్టలో వెయ్యాలన్నది పోటీ. వచ్చే ఏడు పదో తరగతి కాబట్టి, ఈసారీ ఓడితే రోబో అటకెక్కుతుందని అక్క తేల్చేసింది. ధర్మవరంలో పోటీ అనగానే, ఏం జరుగుతుందో చూద్దామని తోడుగా నేను బయల్దేరాను.

హిందూపురంలో ఆరున్నరకు బస్సెక్కి, రోబో పెట్టెను ఒళ్లో పెట్టుకుని ఏడున్నర దాటాక పెనుకొండలో దిగాం. ధర్మవరం బస్సుకు ఇంకా ముప్పావుగంట ఉంది. ఎదురుగా చిన్న హోటల్లో ముప్పై రూపాయలకు మరమరాల ఉగ్గాని, బజ్జి. వండే అవ్వ నానిన బొరుగుల్ని రెండు అరచేతుల మధ్య ఒత్తి బాణలిలో వేస్తోంది. శ్రావణి తినడం మానేసి ఆ చేతులే చూస్తోంది.

"అంత మెల్లగా ఒత్తుతాండావేం అవ్వా?"

"వేళ్లతో పిండితే ముద్దయిపోతాది పాపా. అరచెయ్యంతా ఆనించాల. నీళ్లు పోవాల, బొరుగు చెడగూడదు."

అంతే, పిల్ల పెట్టె తెరిచి రోబో వేళ్లు విప్పడం మొదలుపెట్టింది. నాకు ఒళ్లు మండింది.

"పోటీ ముందర పెట్టుకోని ఇప్పుడు విప్పుతాండావేమే? బాగానే ఉండాది కదా!"

"ఇంట్లో పది గూళ్లలో మూడు నలుగుతాండాయి చిన్నమ్మా. ఎనిమిదిసార్లు మార్చినా. వేళ్లు సన్నగా చేసినా, పొడుగ్గా చేసినా. అరచెయ్యి తోచలేదు."

పక్క అంగట్లో పది రూపాయలకు గిన్నెలు తోమే స్పాంజి కొన్నాం. అవ్వ ఇచ్చిన డబ్బా మూతను శ్రావణి రెండు ముక్కలు చేసి, వాటికి స్పాంజి అతికించి, వేళ్ల చోట అరచేతుల్లా బిగించింది. ఈలోగా మా బస్సు కళ్ల ముందే వెళ్లిపోయింది. తర్వాతి బస్సులో, సరిగ్గా పోటీ మొదలవబోతుండగా, పదిన్నరకు చేరాం.

ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. మొదటిసారి ఏదీ నలగలేదు గానీ నాలుగు జారిపడ్డాయి. స్పాంజి మందం ఎక్కువైందని సగం కోసేసింది. రెండోసారి ఎనిమిది నిలిచాయి. మూత ముక్కల్ని కాస్త లోపలికి వంచింది. మూడోసారి తొమ్మిది! రాష్ట్ర పోటీకి ఎంపికైంది. నేను అరిచిన అరుపుకు పక్క జట్ల పిల్లలు కూడా తిరిగి చూశారు.

సాయంత్రం రైలెక్కగానే మళ్లీ స్క్రూడ్రైవర్ తీసింది.

"గెలిచినావు కదే, ఇంకా ఏం విప్పుతావు?"

"ఒకటి జారింది కదా చిన్నమ్మా."

బాగున్నదాన్ని ముట్టుకోవద్దనే మనిషిని నేను. పొద్దున నా మాట వినుంటే ఆ రోబో ఈపాటికి అటకమీద ఉండేది. తలచుకుంటే సిగ్గేసింది, సంతోషమూ వేసింది. మీరూ పిల్లలతో పోటీకి వెళ్తే, ఒక బస్సు తప్పినా అందుకునేంత ముందుగా బయల్దేరండి. దారిలో వాళ్లు పెట్టె తెరిస్తే, మూయమనకండి.