షౌకత్ చిన్నాన్న తాగేసిన కాఫీ

మా షౌకత్ చిన్నాన్న రాళ్లు చెక్కే మనిషి. నాబ్లస్ పక్కన మా ఊళ్లో సగం గుమ్మాల పైరాళ్లు ఆయన చేతివే. పిల్లనడగడానికి పెద్దలు కదిలితే ముందు నడిచేదీ ఆయనే. ముప్ఫై ఏడు సంబంధాలు అడిగాడు. ఒక్కటీ తప్పిపోలేదు.

పద్ధతి ఒకటే. ఆడపిల్లవారు కాఫీ ఇస్తారు. ఆయన కప్పు కింద పెట్టి అడుగుతాడు. తండ్రి సరేనన్నాకే తాగుతాడు. తాగాడంటే మాట కుదిరినట్టు.

మా తమ్ముడు ఇహాబ్ కోసం బెత్లెహేము వైపు ఒక ఊరికి బయల్దేరాం. రెండు గంటల దారి. పిల్ల పేరు లమీస్. ఇద్దరూ ఒకే కాలేజీలో చదివారు. ఆమె తండ్రి అబూ రిదాకు కుర్రాడు నచ్చాడు, దారి నచ్చలేదు. ఆయన మనసు మార్చగలిగితే చిన్నాన్నే మార్చాలి. రెండోసారి అడిగే ఆచారం లేదు.

పొద్దున ఎనిమిదికి పదకొండు మందిమి వ్యానెక్కాం. నేనే నడిపాను. తొమ్మిదికి దారిలో సైన్యం పెట్టిన తనిఖీ గేటు దగ్గర వరసలో ఆగాం. సైనికులు ఇంజను ఆపమన్నారు. దిగమన్నారు. ఎక్కమన్నారు. మళ్లీ దిగమన్నారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఇస్త్రీ కోట్లలో పెద్దవాళ్లు గోడ పక్కన నిలబడ్డారు. మధ్యాహ్నానికి నీళ్లైపోయాయి.

"పొద్దున గడ్డం గీసుకుని వచ్చా. మళ్లీ మొలిచింది," అన్నాడు ఒకాయన.

"నయం. ఇంకాసేపుంటే ఇహాబ్ కొడుక్కి కూడా పిల్లని అడిగి వచ్చేయొచ్చు," అన్నాడు చిన్నాన్న.

నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కాఫీ అమ్మేవాడు వచ్చాడు. చిన్నాన్న వద్దన్నాడు.

"ఈ పూట నా మొదటి కాఫీ వాళ్లింట్లోనే."

సాయంత్రం ఐదుకి చేరాం. మధ్యాహ్నం నుంచి కాచుకున్న మగవాళ్లంతా లేచి నిలబడ్డారు. సలాములయ్యాయి. కాఫీ వచ్చింది. చిన్నాన్న అందుకుని ఒక్క గుక్కలో తాగేశాడు.

ఇంకా పిల్లని అడగనే లేదు. ఆయన ఖాళీ కప్పు వైపు చూశాడు. ముఖం పాలిపోయింది.

"అన్నా, ఇది తాగింది నేను కాదు. ఆ తనిఖీ తాగింది," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. అబూ రిదా తల వంచుకునే మాట్లాడాడు.

"షౌకత్ గారూ, కాదందామనే కూర్చున్నాను. నొప్పించకుండా ఎలా చెప్పాలా అని పొద్దున్నుంచీ మాటలు కూడబలుక్కుంటున్నాను."

"చెప్పండి. కక్కమంటే కక్కుతా."

"ఎన్ని గంటలు పట్టింది?"

"తొమ్మిది."

"అంటే నాకు మనవడు పుడితే చూడ్డానికి తొమ్మిది గంటలు."

"మీకు పది. మీ కారు మాదానికంటే ముసలిది. బయట చూశా."

ఎవరో దగ్గినట్టు నవ్వారు. అబూ రిదా నవ్వలేదు. చిన్నాన్న కప్పు పక్కన పెట్టాడు.

"దారి బాగుపడుతుందని మాటివ్వలేను అన్నా. అది నా చేతిలో లేదు. మీ పిల్ల మిమ్మల్ని చూడాలన్నప్పుడల్లా నేనే వెంటబెట్టుకొస్తా. తొమ్మిది గంటలైనా సరే, పద్దెనిమిదైనా సరే. గోడ పక్కన నిలబడ్డం ఎలాగో ఇవాళ బాగా నేర్చుకున్నా."

లోపలి గది తలుపు కొంచెం కదిలి ఆగింది. అబూ రిదా ఇంకో కప్పు తెప్పించి, తన చేత్తో చిన్నాన్న ముందు పెట్టాడు.

"ఇప్పుడు అడగండి. పద్ధతిగా."

చిన్నాన్న లేచి, మా తాత పేరుతో మొదలుపెట్టి, తడబడకుండా అడిగాడు. అబూ రిదా తలుపు వైపు చూశాడు.

"ఇచ్చాను," అన్నాడు. ఆ గొంతులో సంతోషం లేదు. "తాగండి."

చిన్నాన్న ఈసారి మెల్లగా తాగాడు. అప్పుడే నా ఫోన్ మోగింది. తనిఖీ దగ్గర గేటు మూసేశారట. ఎప్పుడు తీస్తారో తెలియదట. ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గేసింది. అయినా చెప్పాను.

అబూ రిదా మమ్మల్ని ఒక్కొక్కరినే చూస్తూ లెక్కపెట్టాడు. తర్వాత కొడుకుని పిలిచాడు.

"ఒరేయ్, పదకొండు పరుపులు కావాలి. పక్కిళ్లలో అడుగు. పిల్ల ఇంకా అటు వెళ్లనే లేదు, అత్తారే ఇటు కాపురానికి వచ్చేశారు."