చెట్టమ్మాయి పైట

మొన్న ఎవరో ఫోనుకి పంపిన వీడియోలో ఒకాయన మురికి పట్టిన పాత తైలవర్ణ చిత్రాన్ని దూదితో ఇలా తుడవగానే అలా నిగనిగలాడే ముఖం బయటపడింది. అది చూసిన దగ్గర్నుంచి నా చేతులు ఊరుకోవడం లేదు. ఏళ్ల తరబడి ఆ పని చేసినదాన్ని, అదంత తేలిక కాదని ఎవరితో చెప్పుకోను, మీతో తప్ప.

తొంభైల్లో కోనసీమని పెద్ద తుపాను ఊడ్చేసినప్పుడు నేను హైదరాబాదులో ఒక మ్యూజియంలో పాత చిత్రాలు బాగుచేసే ఉద్యోగంలో ఉన్నాను. కొత్తపేట దగ్గర మా మేనత్తగారింట్లో పెంకులెగిరిపోయి హాల్లో పటం తడిసిందని కబురొస్తే పరుగెత్తేను. వెంటపడిన దేవుణ్ణి తప్పించుకోబోయి చెట్టుగా మారిపోయిన డాఫ్నే అనే గ్రీకు కన్య బొమ్మ అది. వేళ్ల చివర్న ఆకులు మొలుస్తూంటాయి. యానాంలో ఫ్రెంచి దొర ఒకాయన సామాను అమ్ముకుని వెళ్లిపోతూంటే అత్తయ్య మామగారు కొన్నారట. ఇంట్లో అందరికీ ఆవిడ చెట్టమ్మాయి.

రంగు పెచ్చులూడకుండా పల్చటి కాగితం అంటించి, వెనక బూజు దులిపి ఆరబెట్టి, ఆ కాగితం ఊడదీసేక, మామయ్యగారు మద్రాసునుంచి పిలిపించిన విలువ కట్టే ఆయన వచ్చేరు. భూతద్దంతో అంగుళం అంగుళం చూసి, ఇది మూడు నాలుగొందల ఏళ్ల కిందటి బరోక్ కాలంనాటి మంచి ఇటలీ చిత్రకారుడి చెయ్యేననీ, భుజమ్మీది ఎర్ర పైట మాత్రం తర్వాతెవరో వేసిందనీ, అది తీసేస్తే ధర మాటే వేరనీ అన్నారు. కూలిపోయిన కొబ్బరితోట, కప్పులేని ఇల్లు. మామయ్యగారు నా వంక చూసేరు.

పైట అంచున గోరంత మేర మందులో తడిపిన దూదితో తీసి చూసేను. కింద లేత ఒంటిరంగు, ముట్టుకుంటే వెచ్చగా ఉంటుందేమో అన్నట్టు. ఇంకాస్త, ఇంకాస్త అని వేళ్లు తొందరపెట్టేయి.

"అది మా అత్తగారు వేయించిన పైటమ్మా," అంది అత్తయ్య, వంటింటి గుమ్మంలోంచి. "కాపురానికొచ్చిన కొత్తలో ఆ బొమ్మ ముందు మగవాళ్లకి వడ్డించలేక ఏడుస్తూంటే, నాకోసం వేయించేరు. నేనుండగా తీయకు."

మామయ్యగారు తలెత్తి పెంకుల్లేని వాసాలకేసి చూసేరు. తర్వాత "ఆయ్, ఉండనీ," అని, వచ్చినాయనకి కాఫీ ఇప్పించి పంపేసేరు. ఆ ఏడు ఇంటిమీద తాటాకులే.

నేను పాత వార్నిష్ మాత్రం తీసి, ఆ గోరంత చోటు మళ్లీ ఎర్రగా కలిపేసి వచ్చేసేను. రెండువేల సంవత్సరం తర్వాత అత్తయ్య పోయేక, పటాన్ని కాకినాడ ఫ్లాటులో పెట్టుకున్న వాళ్లమ్మాయి, "ఇప్పుడు తీసెయ్యొచ్చుగా వదినా?" అని అడిగింది. సామాను పట్టుకుని వెళ్లేను, దూది తడిపేను. వద్దనేవాళ్లెవరూ లేరు. పొద్దంతా దాని ముందు కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని, చివరికి సంచీ సర్దుకుని వచ్చేసేను.

ఇప్పుడు తాకకుండానే రంగు అడుగున ఏముందో చూపించే యంత్రాలొచ్చేయి. కొత్తకోడలు సిగ్గుపడిందని అంత పటమ్మీదా పైట వేయించిన అత్తగార్లూ, నెత్తిన కప్పు లేకపోయినా ఉండనీ అన్న మామయ్యలూ ఆ తరంతోనే వెళ్లిపోయేరేమో. ఆ భుజం పూర్తిగా చూడాలన్న దుగ్ధ మాత్రం, నిజం చెప్పొద్దూ, నాకింకా పోలేదు.