డబ్బా అడుగున ఒక్క మాత్ర

పాపమ్మాళ్ ఇంట్లో ఏదీ పూర్తిగా అయిపోదు. బియ్యం డబ్బా అడుగున గుప్పెడు గింజలు ఉండగానే కొత్త బియ్యం దిగాలి. ఉప్పు జాడీ అయినా, చింతపండు కుండ అయినా, నూనె సీసా అయినా అంతే. అడుగు కనిపించిందంటే ఆ పూట ఆమెకు ముద్ద దిగదు. పొల్లాచ్చి పక్కన పుట్టింటి నుంచి తెచ్చుకున్న పద్ధతి అది. వాళ్ళమ్మ అట్లాగే చేసేది, అమ్మమ్మా అట్లాగే చేసేది. ఎందుకని అడిగితే వాళ్ళ దగ్గరా జవాబు లేదు, ఈమె దగ్గరా లేదు. నవ్వేవాళ్ళు నవ్వొచ్చు గాని, పెళ్ళయి సూలూరు వచ్చిన నాటి నుంచి ఆమె పొయ్యి ఒక్క పూట కూడా ఆరలేదు.

మొగుడు కరుప్పుసామి మరమగ్గాల షెడ్డులో తువ్వాళ్ళు నేస్తాడు. అదే షెడ్డులో ఆమె కండెలు చుడుతుంది. షెడ్డులో అరవం, గడప దాటి లోపలికొస్తే తెలుగు. షెడ్డు వెనకాల వరసగా కట్టిన లైను ఇళ్ళలో వీళ్ళది మొదటిది.

ఆ ఇంటి అలమరలో పాత బిస్కెట్ల డబ్బా ఒకటి ఉండేది. అందులో ఉండేవి మందులు. ఇంట్లో ఎవరికి ఏ జబ్బు చేసినా, డాక్టరు ఎన్ని మాత్రలు రాసినా, చివరి రెండు మింగడానికి పాపమ్మాళ్ ఒప్పుకునేది కాదు. బియ్యానికి ఏ న్యాయమో మందుకూ అదే న్యాయం. మాత్రలన్నీ అయిపోయిన ఇంటికి రోగం వెతుక్కుంటూ వస్తుందని ఆమె గట్టి నమ్మకం. ఆమెను చూసి పక్కిళ్ళవాళ్ళూ తమకు మిగిలినవి తెచ్చి అందులోనే వేశారు. జ్వరమొస్తే ఆ డబ్బా, పన్ను పీకితే ఆ డబ్బా. తెల్లవాటిని తలకాయకీ, రంగువాటిని ఒంటికీ అని ఏదో లెక్క వేసి ఆమె ఇచ్చేది. లైనులో ఆమెకు సగం డాక్టరు హోదా. ఆ మందులతో ఎవరికీ ఏమీ కాలేదంటే అది ఆమె గొప్పా, వాళ్ళ ప్రాణాలు గట్టివి కావడమా అని ఎవరూ విచారించలేదు.

పోయిన వానాకాలం కరుప్పుసామి కుడికాలి బొటనవేలి మీద మగ్గం ఇనుపముక్క ఒకటి పడింది. అతనికి సుగర్. వేలికి నొప్పి తెలియలేదు, చీము పట్టాకే తెలిసింది. ఊళ్ళో డాక్టరు చీముకు మాత్రలు రాసిచ్చాడు. మందుల షాపులో కృష్ణన్ అనే అతను చీటీ చూసి రెండు అట్టలు ముందు పెట్టాడు. ఒకటి తళతళలాడే వెండి రంగు అట్ట. ఇంకొకటి ఏ హంగూ లేనిది, ధర అందులో నాలుగో వంతు. "రెండిట్లో ఉండే మందు ఒకటేక్కా, పేరే వేరే" అన్నాడు పాపం.

పాపమ్మాళ్‌కు ఎక్కడలేని పౌరుషం వచ్చింది. "మా ఇంటాయనకు చవక మందెందుకు? మేమేమి గతిలేనోళ్ళమా?" అంది. అని, వెండి అట్ట ధర విని కాసేపు గోడ వంక చూసింది. "సగం పోదుం, సగం చాలు. మిగతాది తరువాత చూద్దాం" అంది మెల్లగా. పౌరుషం పూర్తిగా చూపించి, మందు మాత్రం సగమే కొన్నది. ఆ సగంలోనూ వాపు తగ్గగానే చివరి రెండు మాత్రలు డబ్బాలోకి వెళ్ళాయి. వారం తిరక్కుండా పక్కింటి పిల్ల యువరాణి పన్ను నొప్పికి వాటిని పుణ్యానికి ఇచ్చేసింది కూడా.

నెల గడవకముందే వేలు మళ్ళీ ఉబ్బింది. ఈసారి వాసన కూడా. షెడ్డులో పక్క మగ్గం మనిషి ముక్కు తిప్పుకుంటే తప్ప కరుప్పుసామి కాలు చూసుకోలేదు. కోయంబత్తూరు పోయే దారిలో ఒక ట్రస్టు ఆసుపత్రి ఉందని ఎవరో చెబితే అక్కడికి తీసుకెళ్ళింది. డాక్టరు పేరు ఇలక్కియ, చిన్నవయసు అమ్మాయి. పుండు కడిగి, చీము పరీక్షకు పంపి, ఫలితం వచ్చాక ఇద్దరినీ కూచోబెట్టి అరవంలో చెప్పింది. పాత మందే ఇంకా పనిచేస్తుంది, అది అదృష్టం. పోయినసారి సగంలో ఆపినందువల్ల సగం చచ్చిన క్రిములు మళ్ళీ లేచాయి. ఈసారి కూడా తగ్గకపోతే వేలు తీసేయాలి. వేలితో ఆగుతుందని తను మాటివ్వలేనంది.

కరుప్పుసామి రోజంతా ఆ కాళ్ళ మీదే నిలబడి నాలుగు మగ్గాలు చూసుకునే మనిషి. కాలు పోతే అతనికి ఇంకో పని రాదు, కూచోడం అసలే రాదు. పాపమ్మాళ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మందు ఆసుపత్రి కిటికీలోనే దొరుకుతుందని చెప్పి డాక్టరు ధర కూడా చెప్పింది. పోయినసారి సగం మందుకు ఇచ్చినదాంట్లో సగం కూడా లేదు. పాపమ్మాళ్ మొగుడి వైపు తిరిగి, డాక్టరుకు అర్థం కాదనే ధీమాతో తెలుగులో గొణిగింది. "ఇంత చవక మందులో బలమేముంటాది? ఈ పిల్ల మనల్ని చూసి బిచ్చగాళ్ళనుకున్నట్టుండాది."

"అట్ల అనుకోలేదత్తా" అంది డాక్టరు, తెలుగులోనే. "మా ఇంట్లోనూ ఈ తెలుగే మాట్లాడేది. మా నాయనకు జరమొచ్చినా ఇట్లాంటి చవక మాత్తరే ఇచ్చేది."

పాపమ్మాళ్‌కు భూమి నోరు తెరిస్తే బాగుండుననిపించింది. కరుప్పుసామికి మాత్రం కాలి సంగతి మరిచిపోయి నవ్వొచ్చింది. "మన తువ్వాలు మాదిరే కదా పాపా ఇది" అన్నాడు. "ఒకే మగ్గంలో దిగేది. చీటీ అంటించకుండా సంతలో అమ్మితే ఒక ధర. పెద్ద కడవాడు తన అంగట్లో చీటీ అంటించి, డబ్బాలో పెట్టి అమ్మితే ఇంకో ధర. ఒళ్ళు తుడుచుకునేదానికి రెండూ ఒకటే."

ఆ మాట ఆమె బుర్రకెక్కింది. చీటీలు అంటించడం ఆమె కళ్ళారా చూసిందే, చేతులారా అంటించిందే. అదే నూలు, అదే నేత. అయితే డాక్టరు అన్న ఇంకో మాట గొంతులో ముల్లులా నిలిచింది. ఒక్క మాత్ర కూడా మిగలకూడదట, చివరిదాకా మింగాలట. ఇంట్లో దాచిన పాత మందులన్నీ పారేయాలట. "ఎవరికి ఏది ఎందుకు పనిచేస్తాదో తెలీకుండా ఇస్తే, రేపు ఎవరికీ ఏదీ పనిచేయదత్తా" అని కూడా అంది. కిటికీ దగ్గర పాపమ్మాళ్ తన ప్రయత్నం తను చేసింది. రెండు మాత్రలు ఎక్కువివ్వండి, డబ్బులిస్తాను, ఇంట్లో ఉంటాయి అని బతిమాలింది. చీటీలో ఉన్నన్నే ఇస్తామన్నారు.

ఇంటికొచ్చి డబ్బాలో మందులన్నీ మూట కట్టి ఆసుపత్రికి పంపేసింది. ఖాళీ డబ్బాలో దూదీ, కట్టు గుడ్డా పెట్టింది. ఆ తరువాత ఆ అలమర వైపు చూడడం మానేసింది. లైనులో ఎవరైనా వచ్చి మందడిగితే, లేదని చెప్పడానికి ఆమెకు అవమానంగా ఉండేది. అయినా వేళ తప్పకుండా మాత్ర మొగుడి చేతిలో పెట్టేది. పుండు ఎండుతూ వచ్చింది. చుట్టూ కొత్త చర్మం పట్టడం చూసి ఒకరోజు ఆమె ఒంటరిగా కూచుని ఏడ్చింది, సంతోషంతోనే. చివరి మాత్ర కూడా అట్టముక్కతోనే అతని చేతిలో పెట్టి, పొయ్యి మీద పాలు పొంగుతుంటే లోపలికి పరుగెత్తింది. మింగానని కరుప్పుసామి అన్నాడు.

సాయంత్రం యువరాణి చెయ్యి కోసుకుని వచ్చింది. పాపమ్మాళ్ కట్టు గుడ్డ కోసం డబ్బా తీసింది. దూది పైకెత్తితే అడుగున అట్టముక్క, అందులో ఒక తెల్ల మాత్ర.

ఆమె యువరాణి చేతికి కట్టు కట్టింది. పిల్ల వెళ్ళిపోయాక మాత్రా, చెంబుతో నీళ్ళూ పట్టుకుని వాకిట్లోకొచ్చింది. కరుప్పుసామి నులకమంచం మీద కాలు చాపుకుని కూచున్నాడు. ఆమె చేతిలోది చూసి తల దించాడు.

"ఎన్ని దాచినారు?" అంది.

"ఇదొక్కటే. సత్తెంగా ఇదొక్కటే." "డబ్బా కాలీ అయిన కాడనుంచి నువ్వు ఆ పక్కకే చూసేది లేదు. నీ మొగం చూసి ఉండబట్టలేకపోయినాను. ఒకటన్నా అడుగున ఉండనీ అని పెట్టినాను. పుణ్ణు ఆరిపోయిందిలే, ఒకటి తక్కువైతే ఏమి?"

పాపమ్మాళ్‌కు కోపమూ ఏడుపూ కలిసే వచ్చాయి. తన పిచ్చి ఇన్నేళ్ళ కాపురంలో ఈయనకూ అంటుకుందని అప్పుడే తెలిసింది. మంచం పట్టె మీద కూచుని అట్ట చించి మాత్ర తీసింది.

"నోరు తెరవండి."

"పాపా..."

"ఈ ఇంట్లో ఇంకేమీ మిగలవద్దు" అంది. "మీరు మిగిలితే పోదుం."

కరుప్పుసామి మింగాడు. అతని గొంతు కదిలేదాకా ఆమె కన్నార్పకుండా చూసింది. తరువాత లోపలికెళ్ళి, డబ్బా తోమి కడిగి, ఆరడానికి బోర్లించింది.