మూడో చాప

శుక్రవారం వస్తే పొద్దున్నే చావిడి తుడిచేదాన్ని. మా ఇంటి ముందరి తాటాకుల పాక అది. ఊరి తగువులన్నీ అక్కడే తీరేవి. గాలికి లోపలికొచ్చిన ఇసుకని బయటికి నెట్టి, కుండలో నీళ్ళు పోసి, మూడు చాపలు పరిచేదాన్ని. ఒకదానికొకటి ఆనకుండా, మధ్యలో మనిషి నడిచేంత ఖాళీ వదిలి. ఇప్పుడు శుక్రవారం వచ్చినా కుండ బోర్లించే ఉంటోంది. మా ఆయన లక్ష్ముడు పోయి మూడు నెలలైంది.

ఆయన మా ఊరి పెద్ద. శ్రీకాకుళం జిల్లాలో, సముద్రం ఒడ్డున వేట మీద బతికే ఊరు మాది. ఆయనకి ముందు మా మావగారు పెద్ద. ఊరికి కట్టుబాటు పెట్టేదీ, తప్పిన వాణ్ణి పట్టుకునేదీ, శిక్ష వేసేదీ అప్పట్లో ఆ ఒక్క మనిషే. కాదన్నవాడు లేడు.

మా ఆయనకి వేరే ఆలోచన ఎలా వచ్చిందంటే, ఒకసారి ఎవరిదో పడవ జప్తు కేసులో సాక్షిగా కోర్టుకి వెళ్ళాడు. పడవ పట్టుకున్న అధికారిని జడ్జిగారు నిలబెట్టి, "పట్టుకున్నదీ నువ్వే, తప్పని తేల్చిందీ నువ్వే. మరి నేనెందుకు ఇక్కడ?" అని అడిగారట. బయట టీ కొట్టు దగ్గర వకీలుగారు విడమరిచి చెప్పారట. చట్టం చేసేవాళ్ళు వేరు, దాన్ని నడిపించేవాళ్ళు వేరు, తగువు తీర్చేవాళ్ళు వేరు, మూడూ ఒక్క చేతిలో పడకూడదనే రాజ్యాంగం అలా విడదీసిందని.

బస్సు దిగి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా నాతో అన్నాడు.

"గురీ, మన సావిడిలో సాప ఒక్కటే ఉన్నాది గదా. ఇంకో రెండు అల్లు."

"ఏటి, సుట్టాలొస్తన్నారా?"

"సుట్టాలు కాదే. కట్టుబాటు పెట్టినోలకి ఒకటి, కాపలా సూసినోలకి ఒకటి, తీరుపు సెప్పినోలకి ఒకటి. ఒక సాప మీద కూకున్నోడు ఇంకో సాప తొక్కకూడదు."

"మరి నువ్వు?"

"కాపలా సాప సాలు నాకు."

"సరిపోద్ది. అరవడం నీకు బాగా వొచ్చును గదా," అన్నాను. నవ్వాడు.

చాపలు అల్లాను. ఇంటికొకరు చొప్పున కూర్చుని కట్టుబాట్లు పెట్టేవారు. వాటిని నడిపించడం మా ఆయన పని. తీర్పు అసిరయ్య తాతది, ఇంకో ఇద్దరు ముసలివాళ్ళది. ఏళ్ళ తరబడి అలాగే సాగింది.

మాకు పాత కట్టుబాటు ఒకటుంది. ఊళ్ళో మనిషి పోతే ఆ రోజు ఒక్క పడవ కూడా నీళ్ళలో దిగకూడదు. మనిషి పోగానే చాటింపు వేయించాల్సింది పెద్ద. 2012 వానాకాలంలో ఒక వేకువన ఒక ముసలమ్మ పోయింది. ఆ పూటే నా తమ్ముడు గంగులు వేటకి వెళ్ళి, పొద్దెక్కాక చేపలతో ఒడ్డుకొచ్చాడు. కాపలావాళ్ళు పట్టుకున్నారు.

"నాకు సాటింపు ఇనపడనేదు బావా. నేను పడవ తోసినప్పుడు ఊరంతా నిద్దర్లో ఉన్నాది," అన్నాడు.

"సాటింపు ముందే అయినాది," అన్నాడు మా ఆయన.

తేల్చాల్సింది ఆ ఒక్కటే. చాటింపు ముందా, పడవ ముందా? తీరా శుక్రవారం నాడు అసిరయ్య తాత జ్వరంతో లేవలేదు. ఆయన లేకుండా చెప్పలేమన్నారు మిగతా ఇద్దరూ. వచ్చే వారం చూద్దామన్నాడు మా ఆయన. తీర్పు అయ్యేదాకా తమ్ముడు పడవెక్కడానికి లేదు. నేను మంచినీళ్ళ వంకతో మా ఆయన్ని ఇంట్లోకి పిలిచాను.

"మావా, ఆ మూడో సాప మీద నువ్వే కూకో. నీ బామ్మర్ది కాదేటి ఆడు? ఇయ్యాలే తేలిపోద్ది."

"అది నా సాప కాదే."

"సాపలు అల్లింది నేను. నేను సెప్తన్నాను, కూకో."

నా మొహం ఒకసారి చూసి, వెళ్ళి కూర్చున్నాడు.

వెనక నుంచి ఎల్లాజీ, మా ఊళ్ళోనే ఇంకో పడవ ఉన్నవాడు, అన్నాడు, "బామ్మర్దికి బావ తీరుపు. ఇంకేటుంది, ఇళ్ళకి పోదాం రండ్రా." జనం నవ్వారు. మా ఆయన మొహం కందిపోయింది. ఏడాది పాటు గంగులు పడవ ఎవరూ ఎక్కకూడదనీ, గంగుల్ని ఎవరూ తమ పడవ ఎక్కించుకోకూడదనీ చెప్పేశాడు. ఆ తప్పుకి అంత శిక్ష మా ఒడ్డున ఎప్పుడూ పడలేదు.

గంగులు గొంతు పెంచలేదు. "సాటింపు ఎప్పుడేయించినావో నిన్నెవులు అడుగుతారు బావా?" అన్నాడు, అంతే. పది రోజుల్లో పెళ్ళాం పిల్లలతో గుజరాత్‌లో వెరావల్ వెళ్ళిపోయి, పెద్ద బోట్ల మీద పనికి కుదిరాడు. ఏడాది దాటినా రాలేదు. నేను ఫోన్ చేస్తే మరదలు ఎత్తి, బోటు మీదున్నాడు వొదినా అనేది.

ఆరేళ్ళు గడిచాయి. మా ఆయన మంచం పట్టాక, ఒక మధ్యాహ్నం గంజి తాగిస్తుంటే గిన్నె పక్కకి తోశాడు.

"గురీ, ఆ రోజు సాటింపు ఆలీసమైనాది. ముసలమ్మ కొడుకు నన్ను పట్టుకుని ఏడుస్తంటే లేసి రానేకపోనాను. గంగులు అబద్దం ఆడనేదు."

"మరి అప్పుడే సెప్పనేదేటి?"

"ఆ సాప మీద ఇంకొకడు కూకుంటే నన్ను అడిగుండేవోడు. అడిగితే సెప్పుందును. నన్ను నేనేటి అడుగుతాను?"

కూర్చోమన్నది నేను. ఆ మాట ఆయన ఒక్కసారైనా నన్ను అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆయన పోయిన రోజు ఊళ్ళో ఒక్క పడవ కదల్లేదు. గంగులు రాలేదు. సాయంత్రం తనే ఫోన్ చేసి, "అప్పా, ఇయ్యాల నేనూ బోటెక్కనేదు," అని పెట్టేశాడు.

ఇప్పుడు ఊరి పెద్ద మా బావగారి కొడుకు ఈశ్వర్. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. నిన్న పక్కింటి తవిటమ్మతో నాకు కబురు పెట్టాడు.

"పిన్నీ, రేపు తగువున్నాదట. సావిడి తుడిసి సాప ఎయ్యమన్నాడు."

"ఎన్ని?"

"ఒక్కటి సాలన్నాడు. ఎల్లాజీ పడవని తనే పట్టుకున్నాడట, తీరుపూ తనే సెప్పేస్తాడట. అందర్నీ ఎవులు పోగేస్తారన్నాడు."

"ఎల్లాజీ ఏటంటన్నాడు?"

"ఏటో సెప్తన్నాడు. ఎవులు ఇంటన్నారు?"

ఈ రోజు లేచి గంజి కాచుకున్నాను. చీపురు గోడకి చేరవేసే ఉంది. చావిడి నిండా ఇసుక, దాని మీద పీతలు నడిచిన గీతలు. చాపలు మూడూ చుట్టి దూలం మీద ఉన్నాయి. మూడూ వెయ్యమంటే దించుతాను. ఒక్కటే అయితే ఈశ్వర్ వాళ్ళింటి నుంచి తెచ్చుకోవాలి.

వీధిలో ఈశ్వర్ గొంతు వినిపిస్తోంది. నేను పొయ్యి దగ్గరే కూర్చున్నాను.